మొదటి పలక మంచిదే

మా కాలేజీలో జియాలజీ చదివే పిల్లలు లేకపోయేసరికి కోర్సు ఎత్తేశారు. నన్ను ఎత్తేయడం మాత్రం మరిచిపోయారు. పర్యావరణం పాఠాలు రెండు చెప్పి, మిగతా పొద్దంతా రాళ్ల బీరువాల మధ్య కూర్చునేదాన్ని. సాయంత్రం అద్దె గదికి వెళ్తే పలకరించే మనిషి లేదు. ఒంటరితనం అలవాటైపోయిందని అందరితో అనేదాన్ని. ఉత్త అబద్ధం. అదేం అలవాటయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో దూరపు యూనివర్సిటీ నుంచి ఒక కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. పలకను తడితే వచ్చే శబ్దాన్ని బట్టి లోపల పగులుందో లేదో చెప్పేలా యంత్రానికి నేర్పాలట. పలకల గనులున్న మా మార్కాపురంలో ఉండి రాళ్ల సంగతి తెలిసిన మనిషి తోడు కావాలట. ఆయనకు రాయి తెలియదు, నాకు యంత్రం తెలియదు. మా ఇద్దరికీ తెలియనిది పలకల షెడ్డులో పనిచేసే ఒక ముసలామెకు తెలుసు.

ఆమె పని పలకలు ఏరడం. పది పలకల దొంతర ముందు పెట్టుకుని, ఒక్కోదాన్ని ఎడమచేతి వేళ్ల మీద నిలిపి ఇనప మేకుతో తట్టేది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగిలింది. నేను ఫోన్లో ఆ శబ్దం రికార్డు చేసి, ఆమె నోటి నుంచి వచ్చిన మాటను తలెత్తకుండా పుస్తకంలో రాసుకునేదాన్ని. రోజూ మధ్యాహ్నం ఇదే పని.

నేను వెళ్లగానే పక్కన గోనెసంచి పరిచేది. నన్ను పాపా అని పిలిచేది, యాభై దాటినదాన్ని. "ఏంది పాపా, అట్ల ఎండుకుపోయినావు? ఒక్కదానికి వండుకోబుద్ధి కాదులే, నాకు తెల్దా" అని తన జొన్నరొట్టెలో సగం తుంచి చేతిలో పెట్టేది. ఆమెకూ ఇంట్లో ఎవరూ లేరు. ఆ రొట్టె తినడానికే షెడ్డుకు వెళ్తున్నానని నాకు త్వరలోనే అర్థమైంది. పరిశోధన అనే మాట బయటికి చెప్పుకోవడానికి బాగుంది, అంతే.

మూడు నెలలైనా యంత్రానికి చదువు రాలేదు. "మేడమ్, మీరు మంచివని రాసిన పలకల్లో కొన్ని పగిలినవాటిలాగే మోగుతున్నాయి. తప్పెక్కడుందో తేలేదాకా రికార్డు చేస్తూనే ఉండండి" అన్నాడు ప్రొఫెసర్. ఆయన పంపిన జాబితా ముందేసుకుని నా పుస్తకం తిరగేశాను. తేడా వచ్చినవన్నీ దొంతరలో మొదటి పలకలే.

మర్నాడు పుస్తకం మూసి ఆమెనే చూస్తూ కూర్చున్నాను. మొదటి పలక బొంగురుగా పలికింది, నా చెవికి కూడా తెలిసింది. ఆమె "మంచిది" అంటూనే దాన్ని తీసి పగిలినవాటి కుప్పలో పెట్టింది.

"పెద్దమ్మా, అది పగిలింది గదా?"

"పగిలింది. కాదని ఎవురన్నారు?"

"మరి మంచిదన్నావే!"

"బోణీ పలకనే పగిలిందంటే దొంతరంతా అట్లనే పోతాది పాపా. నోటితో ఎవురన్నా చెడగొట్టుకుంటారా? చెయ్యి చెప్తానే ఉంది గదా. నువ్వు చూడాల."

ఇంత చదువు చదివి, మూడు నెలలు ఆమె పక్కనే కూర్చుని, ఒక్కసారీ ఆ చేతి వైపు చూడలేదు నేను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. తిరిగి వస్తుంటే ఆటోలో నా నవ్వు ఆగిపోయింది. ఈ సంగతి చెప్తే మొదటి పలకల రికార్డులన్నీ తీసేస్తారు. యంత్రం నేర్చేసుకుంటుంది. ఇక నేను షెడ్డుకు వెళ్లాల్సిన పని ఉండదు.

నాలుగు రోజులు నోరు విప్పలేదు. అయిదో రోజు ప్రొఫెసరే ఫోన్ చేసి, "ఆమెకు వినికిడి తగ్గిందేమో మేడమ్, వేరే ఎవరినైనా పెట్టుకుందామా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఆమె చెవి మీ యంత్రం కంటే వెయ్యి రెట్లు నయం" అని జరిగింది చెప్పేశాను. ఆయన హాయిగా నవ్వి, "ఓహో, నాయిసన్నమాట, లెక్కలోంచి ఏరిపారేయాల్సిన చెత్త" అన్నాడు.

"నాయిస్ కాదండీ, బోణీ" అన్నాను. ఆయనకు ఎక్కలేదు.

రెండు వారాల్లో యంత్రానికి చదువొచ్చింది. "చాలు మేడమ్, ఇక రికార్డింగులు అక్కర్లేదు. పరిశోధన పేపర్లో మీ పేరు కూడా ఉంటుంది" అన్నాడు. అదే ఆయన చివరి ఫోన్. కాలేజీలో ఈ కబురు ఎవరికి చెప్పాలో తోచక బీరువాల మధ్య కాసేపు తచ్చాడాను.

ఆ మధ్యాహ్నమే షెడ్డుకు బయల్దేరాను. పని అయిపోయిందని చెప్పి దండం పెట్టి వచ్చేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నన్ను చూడగానే ఆమె పక్కకు జరిగింది.

"ఏమంటాంది నీ యంత్రం? వచ్చినాదా దానికి?"

గోనెసంచి మీద కూర్చున్నాను.

"లేదు పెద్దమ్మా. ఉత్త మొద్దుది."

"పోన్లే పాపా, నిదానంగా నేర్పుదాం" అని కొత్త దొంతర ముందుకు లాక్కుంది.

ఫోన్ తీసి మా ఇద్దరి మధ్యా పెట్టాను. రికార్డు మాత్రం నొక్కలేదు. అంత మంచి మనిషితో అబద్ధమాడినందుకు సిగ్గేసింది. రేపు అడిగినా ఇదే చెప్తానని కూడా తెలుసు.