సాంచాల మోత లేని పాట

కరోనా రెండో ఏడు, సూరత్‌లోని అమ్రోలిలో వినోద నడిపే పాత రికార్డుల దుకాణంలో పాటల పండుగ పెట్టారు. పాడాల్సిన దుబ్బరాజం మాస్కు తీస్తాడు, పెట్టుకుంటాడు, గుమ్మం దాకా పోయి వస్తాడు. మరమగ్గాల షెడ్డులో సాంచాల మోతను మించి పాడి సగం సూరత్‌కి చెవుడు తెప్పించిన గొంతు, ఇక్కడ పెగలడం లేదు.

"ఏందన్నా, కొత్త పెండ్లికూతురు లెక్క సిగ్గువడుతున్నవ్?" అంది వినోద.

"సాంచా సప్పుడు లేకుంటె తాళం దొర్కుతలేదు చెల్లె. గింత మంది ముంగట ఇజ్జత్ పోతది."

వినోద గీతలు పడిన రికార్డొకటి తిప్పింది. ముల్లు ఒకేచోట ఇరుక్కుని టక్, టక్, టక్ అంది. దుబ్బరాజం కాలు దానంతటదే ఆడింది. పాట ఎత్తుకున్నాడు చూడండి, నది అవతల వరాఛాలో సానపట్టే వజ్రాలు చేతుల్లోంచి జారిపోయాయట!

"జర మెల్లగ, అన్నా!" అని అరిచింది వినోద. వినిపిస్తేగా!