మౌలాలి నరికిన తూత్ చెట్టు

సౌదీలో మేముండే బురైదా బయట ఆ ఖర్జూరం తోటలో ఒక్కటే తూత్ చెట్టు ఉండేది. మన దిక్కు రేష్మ పురుగులకు ఆకు వేసే మల్బరీయే అది. ఇక్కడివాళ్లు మాత్రం నల్లటి పండు కోసం పెంచుకుంటారు. ఎండలు ముదరకముందే మా బిల్డింగ్ ఆడవాళ్లం పాత దుప్పట్లు తీసుకొని పోయేవాళ్లం. నలుగురం నాలుగు మూలలు పట్టుకుంటే, తోటలో పనిచేసే మౌలాలి చెట్టెక్కి కొమ్మలు ఊపేవాడు. మొదటి గిన్నె యజమాని తల్లికి, మిగతాది మాకు. చేతులు, బుర్ఖా అంచులు, పిల్లల నాలుకలు అన్నీ ఊదారంగు అయ్యేవి. ఏ సబ్బుకూ పోని మరక.

పోయినేడు దుప్పట్లతో పోతే చెట్టు లేదు. మోకాలెత్తు మొద్దు ఉంది.

"చెట్టేదిరా మౌలాలీ?" అన్నాను.

"నరికినా ఖాలా. చలి పోయినాక నరకాల కదా."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పేదేంది? మా మడకశిర దిక్కు అంతా ఇట్లే చేస్తాం. నరికితే ఆకు దండిగా వస్తాది."

"ఆ ఆకు తినేదెవురు ఈడ, నువ్వా?"

నా వెనకనుంచి పక్కింటి సుల్తానా, "ఒంటెలకు వేస్తాడేమో" అంది.

ఎందుకు చేసినాడో అడక్కుండా నేను ఇంటికి రాలేకపోయినాను. అడిగితే చెప్పినాడు. వాళ్లింట్లో మల్బరీ పండు అంటే పరువు తక్కువ. పండు కాసిందంటే ఆకు వేళకు కొయ్యలేదని, పురుగులను పస్తు పెట్టినారని లెక్క. చిన్నప్పుడు వీడు దొంగగా పండ్లు తిని వస్తే వాళ్లమ్మ నాలుక చాపమని చూసి కొట్టేదంట. తిన్నందుకు కాదు, ఆ నల్ల నాలుకతో వీధంతా తిరిగి వచ్చినందుకు. అట్లా పెరిగినవాడు గుబురుగా ఎదిగిన చెట్టును చూసి ఊరుకోలేకపోయినాడు. యజమాని మెచ్చుకుంటాడనుకున్నాడు.

యజమాని తల్లిని పనివాళ్లందరూ మామా అంటారు, అరబ్బీలో అమ్మా అని. ఆమె పెళ్లయి వచ్చిన ఏడు నాటుకున్న చెట్టు అది. మొద్దు చూసి ఏడ్వలేదు, అరవలేదు. కొడుకును పిలిచి, "దీని పండు నేను తినేదాకా వీడు ఊరికి పోడు" అంది. కొడుకు ఆమె మాట దాటడు. ఆ కొడుకే మౌలాలిని వీసా మీద తెచ్చుకున్న కఫీల్. దేశం దాటేందుకు అతను ఖురూజ్ కాగితం ఇయ్యకుంటే మౌలాలి విమానం ఎక్కలేడు. బక్రీద్ తర్వాత మౌలాలి బిడ్డ నిఖా.

నేనే పోయి ఆమె ముందు కూర్చున్నాను. నాకు వచ్చిన బజారు అరబ్బీలోనే, "మామా, నిఖాలో బిడ్డ తరపున వలీగా తండ్రి కూర్చోవాల. తండ్రి లేకుంటే ఎట్లా?" అన్నాను.

"చెట్టు లేకుంటే నాకెట్లా?" అంది. నా ముందు పెట్టిన కాఫీ కప్పు తీసేసింది.

మౌలాలి మొద్దుకు నీళ్లు పోసినాడు, ఎరువు వేసినాడు. వాడు చెప్పినట్లే ఆకు దండిగా వచ్చింది. ఆ ఆకును చూస్తేనే వానికి ఒళ్లు మండేది. నిఖా దగ్గరపడినప్పుడు ఆకుల మాటున కొన్ని కాయలు కనిపించినాయి, ఇంకా ఎర్రవి. నల్లబడేదాకా ఆగలేక కోసి పళ్లెంలో తీసుకపోయినాడు. మామా ఒకటి కొరికి ఆ పళ్లెంలోనే ఉమ్మింది.

"పండలేదు" అంది.

నిఖాలో వాని తమ్ముడు కూర్చున్నాడు. మౌలాలి తోటలో ఫోన్‌లో చూసినాడు. సిగ్నల్ కోసం ఖర్జూరం కోసే నిచ్చెన ఎక్కినా, బిడ్డ ఖుబూల్ అన్న మాట మాత్రం వినపడలేదంట.

ఈ ఏడు చెట్టు నల్లగా విరగకాసింది. దుప్పట్లతో పోతే మౌలాలి గేటు దగ్గరే ఆపినాడు.

"మీకు లేవు ఖాలా."

"అన్ని ఉంటే మాకెందుకు లేవురా?"

"అన్నీ మామాకే."

మిగతావాళ్లు తిట్టుకుంటా వెనక్కి మళ్లినారు. నేను గేటు సందులోనుంచి చూస్తూ నిలబడినాను. వరండాలో చాప మీద మామా, ఆమె ముందు పెద్ద గిన్నె నిండా పండ్లు. అప్పటికే ఆమె మూతి, చేతులు ఊదారంగు.

"బస్, తిన్నాను" అంది ఆమె. "నీ ఖురూజ్ చేయించమని చెప్పినాను. పో ఊరికి."

"పోతా మామా. పండ్లు అయిపోయినాక."

"నాకు చాలు."

"చెట్టు నిండా ఉండాయి. తిను."

ఆమె గిన్నెను పక్కకు తోసింది. వాడు వంగి మళ్లీ ఆమె ముందుకే జరిపి, చేతులు కట్టుకొని నిలబడినాడు. ఆమె కొడుకును పిలిచింది. కొడుకు కారు బయట లేదు. మౌలాలి కదల్లేదు. చివరికి ఇంకొకటి తీసి నోట్లో వేసుకుంది. తర్వాత ఇంకొకటి.

గిన్నె అడుగు కనిపించినాక మౌలాలి దాన్ని తీసుకొని మళ్లీ చెట్టెక్కినాడు.