నోరు తెరవని వైద్యాలు

పంటి నొప్పి వచ్చినవాళ్లకు కనపడ్డవాళ్లంతా డాక్టర్లే. మా ఆఫీసు అటెండరు మొదలుకొని ఇంటి ముందుకు కూరగాయల బండి తెచ్చే ఆమె దాకా అందరూ నాకు వైద్యం చెప్పారు. నేను దాదాపు అన్నీ చేశాను. కాకపోతే నా షరతు ఒకటి ఉండేది. నోరు తెరవకుండా చేసుకునే వైద్యమైతే సరే. ఎవరైనా "ఏదీ, నోరు తెరువు, సూస్త" అన్నారంటే మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వచ్చేసేదాన్ని.

కారణం నా పళ్లు. నేను పుట్టింది నల్గొండ జిల్లాలో, ఫ్లోరిన్ నీళ్ల ఊళ్లో. బోరింగు నీళ్లు తాగి పెరిగిన మా అందరి పళ్లూ ఒకే తీరు: గోధుమరంగు చారలు, అక్కడక్కడా గుంటలు. మా బాపుకు నడుమే వంగిపోయింది. దాని ముందు పళ్ల మరకలు ఒక బాధేనా అని ఇంట్లో అనేవాళ్లు. ఊళ్లో ఉన్నంత కాలం నాకూ బాధ అనిపించలేదు. డిగ్రీకి టౌనుకు వచ్చాక హాస్టల్లో ఒకమ్మాయి అందరి ముందూ "నువ్వు పళ్లు తోముకోవా?" అని అడిగింది. ఆ రోజు నుంచి నవ్వు వస్తే చున్నీయో, కొంగో, ఏదీ లేకపోతే చెయ్యో నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. మా పెళ్లి ఫొటోల్లో మూతి బిగించుకుని, ఎవరి మీదో అలిగినదానిలా ఉంటాను. కరోనా వచ్చి ఊరూవాడా మాస్కులు కట్టుకున్నప్పుడు, చెప్పడానికి సిగ్గే గానీ, నాకు ప్రాణం హాయిగా ఉండింది. అందరూ తీసేశాక కూడా నేను తీయలేదు. దుమ్ము పడదని ఆఫీసులో చెప్పుకున్నాను.

నొప్పి కుడివైపు కింది దవడలో మొదలైంది. నాలుక ఊరుకోదు కదా, వద్దన్నకొద్దీ పోయి అక్కడే తగిలేది. అక్కడ, మిగతా వాటికంటే నల్లగా, ఒక పన్ను ఉంది. దొంగ దొరికిందనుకున్నాను.

మా అత్తమ్మది కొల్లాపూర్ వైపు. కృష్ణ నీళ్లు తాగిన మనిషి. ఈ వయసులో కూడా చెరుకుగడను పళ్లతోనే ఒలుస్తుంది. మా ఊరి నీళ్లంటే ఆమెకు మొదటి నుంచీ భయం. "గా ఫ్లోరిన్ పన్ను గట్లనే గుంజుతది బిడ్డా. దానికి దవాఖాన్ల మందు లేదు. ఇంట్లనే సూసుకోవాలె," అంది. నాకు కావాల్సింది కూడా ఆ మాటే. దవాఖానకు పోతే కుర్చీలో పడుకోబెట్టి, ముఖం మీద లైటు వేసి, నోరు బార్లా తెరవమంటారు. ఆ లైటును తలుచుకుంటే నాకు నొప్పికంటే ఎక్కువ వణుకు వచ్చేది.

అందుకని లవంగం కొరికిపట్టుకున్నాను. కాసేపు మొద్దుబారింది, మళ్లీ మొదలైంది. ఉప్పునీళ్లు పుక్కిలించాను. జామాకులు నమిలాను. పక్కింటామె చెప్పిందని దూదిలో ఇంగువ చుట్టి పంటి కింద పెట్టుకుని ఆఫీసుకు పోతే, నా పక్క సీటాయన లేచి కిటికీ తెరిచి కూర్చున్నాడు. ఫోన్లో వీడియోల సంగతి చెప్పనక్కర్లేదు. వెల్లుల్లి నూరి చిగురుకు పట్టించమని ఒకతను నవ్వుతూ చెప్పాడు. పట్టించాను. చిగురు కాలి తెల్లగా పొక్కింది. ప్రకృతి వైద్యం కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదని కూడా అన్నాడతను. దొరికితే ఆ ముద్ద అతని చిగుళ్లకు నా చేత్తోనే పెట్టేదాన్ని.

ఒక చోట కుదురు లేదు. కూర్చుంటే దవడలో ఎవరో సుత్తె పట్టుకుని కూర్చున్నట్టుండేది, లేచి తిరిగితే కొంచెం నయం అనిపించేది. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మళ్లీ వంటింట్లోకి. చాయ్ పెట్టి తాగడం మరిచిపోయేదాన్ని. ఉతికి ఆరేసిన బట్టలు తీసి మళ్లీ ఆరేసేదాన్ని. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్, మాటలు తక్కువ. "గట్ల తిరుగుడెందుకు, దవాఖానకు పోదాం నడువు," అన్నాడు. "నీకేం తెలుసు ఫ్లోరిన్ పన్ను గురించి?" అని మీదికి లేచాను. నిజానికి నాకూ తెలియదు.

అప్పుడు అత్తమ్మ తన ఊరి నుంచి వాకుడు కాయలు తెప్పించింది. చెలక గట్ల మీద ఒళ్లంతా ముళ్లతో పాకే మొక్క అది, గోలీలంత కాయలు కాస్తుంది. ఎండిన కాయల్లోంచి గింజలు తీసి, నూనె రాసి, ఎర్రగా కాల్చిన ఇనుప గంటె మీద వేసింది. పైన గరాటు బోర్లించి, దాని మూతిని నా నోటి దగ్గర పెట్టి, తల మీదుగా దుప్పటి కప్పింది. "పొగ మింగకు, పంటికి తాకనియ్యి. ఉమ్మి నీళ్ల గిన్నెల పడనియ్యి," అని బయటి నుంచి చెబుతోంది. ఘాటుకు కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి. దుప్పటి తీసి చూస్తే గిన్నె నీళ్లలో సన్నగా, తెల్లగా ఏవో తేలుతున్నాయి.

"అగో, సూడు, పురుగులు! గిన్ని పురుగులు పెట్టుకొని ఎట్ల ఓర్సుకున్నవే?" అంది.

అవి గింజల్లోని మొలకలని సైన్సు చదువుకున్న నాకు తెలుసు. అయినా ఆ పూటకు నమ్మాను. ఎందుకంటే నోరు పూర్తిగా తెరిచినా ఎవరి కంటా పడని వైద్యం అదొక్కటే. దుప్పటి కింద నాకు ఎంత ధైర్యంగా ఉండిందో చెప్పలేను.

తెల్లారేసరికి దవడ వాచింది. మాస్కు ఉంది కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. అత్తమ్మ దొడ్డుప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది. ఎంత వేడి తగిలితే అంత హాయిగా ఉండింది. చల్లారితే చాలు, "ఇంకా జర కాపు అత్తమ్మా," అని అడిగేదాన్ని. వాపు గట్టిపడి గదమ కిందికి, మెడ వైపు దిగింది. మింగడం కష్టమై అంబలి తాగడం మొదలుపెట్టాను. నేను ఎప్పుడూ నోరు మూసుకునే ఉండేదాన్ని కదా, అది తెరుచుకోవడం మానేసిన సంగతి నాకే తెలియలేదు.

తెలిసింది ఆదివారం చర్చిలో. ప్రభువు బల్ల వేళకు రొట్టె పళ్లెం మా వరుసకు వచ్చింది. మాస్కు కిందికి జరిపి గోరంత ముక్క నోట్లో వేసుకోబోతే పళ్ల మధ్య నుంచి పోలేదు. వేలితో నెట్టాను. అయినా పోలేదు. చుట్టూ అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు, నేను ఆ ముక్కను పట్టుకుని అటూ ఇటూ మెసులుతున్నాను. అత్తమ్మ కళ్లు తెరిచింది.

"తినవేందే?"

"పోతలేదు," అన్నాను పళ్ల సందుల్లోంచి.

వాపు ఆమెకు కొత్త కాదు, రోజూ కాపడం పెట్టింది ఆమే. కానీ రొట్టె ముక్క నా అరచేతిలో మిగిలిపోవడం చూసి ఆమె ముఖం మారిపోయింది. ప్రార్థన మధ్యలోనే నా రెక్క పట్టుకుని లేపింది. "నడువు. దేవుడు ఏమనుకోడు," అంది.

ఆదివారం తెరిచి ఉన్న పళ్ల దవాఖాన వెతికి మా ఆయన మమ్మల్ని తీసుకుపోయాడు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. నేను ఇన్నాళ్లూ భయపడ్డ లైటు నా ముఖం మీద వెలిగింది. "నోరు తెరవండమ్మా," అంది. జీవితంలో మొదటిసారి ఒకరి ముందు నోరు తెరవాలని నిజంగా ప్రయత్నించాను. రాలేదు. చిటికెన వేలు కూడా పట్టలేదు. దుఃఖం పొంగుకొచ్చింది.

"పైనుంచి వేడి పెట్టారా?" అని అడిగింది. అత్తమ్మ తల వంచుకుని నా కొంగు పట్టుకుంది. "వేడి పెడితే చీము ఇంకా పాకుతుందమ్మా. మీది మెడలోకి దిగుతోంది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఊపిరికే అడ్డం పడేది."

తర్వాత ముఖం చుట్టూ తిరిగే ఎక్స్‌రే తీశారు. ఏ పన్ను అని అడిగితే చెంప మీద నుంచే నల్ల పన్ను ఉన్న చోటు చూపించాను. ఆమె ఎక్స్‌రే చూసి తల అడ్డంగా ఊపింది. "అది గట్టిగానే ఉంది. మరక పైపైదే. చీము పట్టింది వెనకాల, సగమే బయటికి వచ్చిన జ్ఞానదంతానికి," అంది. లవంగం, ఇంగువ, వెల్లుల్లి, పొగ అన్నీ ఏ పాపం ఎరగని పంటికి చేశానన్నమాట. దానికే గనక మాట వస్తే నన్ను ఎన్ని తిట్టేదో.

ఇంజెక్షన్లు ఇచ్చి, చీము తీసి, తర్వాత ఆ జ్ఞానదంతాన్ని పీకేశారు. వాపు పోయింది గానీ దవడ బిగుసుకునే ఉంది. దానికి డాక్టరమ్మ చెప్పిన వైద్యం నా షరతుకు సరిగ్గా ఎదురు. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టుకుని, మెల్లమెల్లగా పుల్లలు పెంచుతూ, రోజూ నోరు తెరిచి కూర్చోవాలట. సరిగ్గా తెరుచుకుంటోందో లేదో ఇంట్లోవాళ్లు చూడాలట. మానేస్తే దవడ అలాగే ఉండిపోతుందంది.

మొదట్లో స్నానాల గదిలో తలుపు వేసుకుని చేశాను. ఎంత తెరుచుకుంటోందో నా అంతట నాకు తెలియడం లేదు. చివరికి ఒక పొద్దున ముందు గదిలో, నోటి నిండా పుల్లలతో, కళ్లు గట్టిగా మూసుకుని మా ఆయన ముందు కూర్చున్నాను. అతను ఫోను టార్చి వేశాడు. వెలుతురు పెదాల మీది నుంచి లోపలికి పోవడం తెలుస్తోంది. చెయ్యి దానంతట అదే పైకి లేచింది. దాన్ని ఇంకో చేత్తో ఒళ్లో అదిమి పట్టుకున్నాను.

"మంచిగనే తెరుసుకుంటాంది," అన్నాడు. మళ్లీ, "గీ మరకలేనా నువ్వు దాసుకున్నయి? గింతేనా?" అన్నాడు.

టార్చి ఆర్పి, డ్యూటీకి టైమైందంటూ బండి తాళం వెతుక్కుంటూ పోయాడు. నాకు అరవాలనిపించింది, నోట్లో పుల్లలున్నాయి. నేను బతుకంతా కాపలా కాసినదాన్ని ఆ మనిషి ఒక్కసారి చూసి లైటు ఆర్పేసి పనికి పోయాడు. అలాగే నోరు తెరుచుకుని, తలుపు బార్లా తెరిచి ఉన్న ముందు గదిలో కూర్చుని ఏడ్చాను. వాకిట్లో ఎవరైనా చూస్తున్నారేమోనని అప్పుడు నాకు తోచనే లేదు.