నాలుగు వందల పేజీల మొగుడు

లిఫ్టాయన నవల రాశాడంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, రాసిన మాట నిజం. ఒకటి కాదు రెండు కాదు, నాలుగు వందల పేజీలు. ఆదివారాలు తప్ప రోజుకొక పేజీ చొప్పున, పదిహేను నెలల పైచిలుకు, ఒళ్లు వెచ్చబడినా వాన ముంచెత్తినా మానకుండా రాశాడు. అంత రాసినవాడు, ఆ రాత పూర్తయిన తర్వాతి ఆదివారం, సొంత ఇంట్లో, సొంత కుర్చీలో కూర్చుని ఎలా కొయ్యబారిపోయాడో చెప్పాలంటే, ముందు ఆయన ఎలా రాశాడో చెప్పాలి.

ఆయన పని లిఫ్టులు చూసుకోవడం. పద్నాలుగు భవనాల లిఫ్టులు ఆయన చేతి మీద నడుస్తున్నాయి. తలుపులు నడిచే గాడిలో దుమ్ము తియ్యాలి, బ్రేకు చూడాలి, ఇనుప తాళ్లలో పోగు తెగిందేమో గుడ్డ పెట్టి తడమాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఎక్కి దిగేవాళ్లకు తెలియదు గానీ, ఆ భవనాల్లో ప్రతిదానికీ నెత్తిమీద ఒక చిన్న గది ఉంటుంది. అందులో మోటారు, తాళ్లు తిరిగే పెద్ద చక్రం, ఒక బల్బు, అంతే. అక్కడికి ఏ పురుగూ రాదు. మధ్యాహ్నం డబ్బా తినేశాక ఆయన పనిముట్ల పెట్టె మీద కూర్చుని, మోకాళ్ల మీద నోటుపుస్తకం పెట్టుకుని రాసేవాడు. కింద ఎవరో మీట నొక్కితే మోటారు గుర్రుమనేది. అది ఆగేదాకా కలం పట్టుకుని ఆగేవాడు.

ఈ పిచ్చి అంటించింది ఒక మాస్టారు. రిటైరై అయిదో అంతస్తులో ఉండే ఆ పెద్దమనిషి ఒకసారి లిఫ్టులో ముప్పావుగంట ఇరుక్కుపోయాడు. ఆయన గాభరా పడకుండా మన లిఫ్టాయన తలుపు బయట నిలబడి, ఒక చేత్తో పని చేస్తూనే నోటికొచ్చిన కథ చెప్పాడు. తలుపు తెరుచుకున్నాక మాస్టారు బయటికి రాకుండా "తర్వాత ఏమైందయ్యా?" అని అడిగాడు. ఆ తర్వాత కూర్చోబెట్టి మూడు ముక్కలు చెప్పాడు.

"రోజూ ఒక పేజీ రాయి. నీకు బాగా తెలిసినవాణ్ణి పట్టుకుని రాయి. నాలుగు వందల పేజీలయ్యేదాకా వెనక్కి తిప్పి చదవకు. చదివితే దిద్దాలనిపిస్తుంది. దిద్దడం మొదలెట్టావంటే ఇక ఈ జన్మలో పూర్తిచెయ్యవు."

బాగా తెలిసినవాడంటే ఎవడు? ఆలోచించే పనే లేకపోయింది. పెద్ద మెకానిక్కు ఉన్నాడుగా. పదకొండేళ్లుగా లిఫ్టాయన ప్రాణం తోడేస్తున్న పైవాడు. ఏ లిఫ్టు ఆగినా తప్పు కిందవాడిది, ఏది నడిచినా గొప్ప తనది. నలుగురిలో నిలబెట్టి "వీడి చేతకానితనం చూడండి" అనడం ఆయనకు సరదా. మన లిఫ్టాయన తిరిగి ఒక్కమాట అన్నవాడు కాదు. పళ్లు నూరుకుని, ఆ నూరుకున్నదంతా మధ్యాహ్నం కాగితం మీద పెట్టాడు. నవలలో వాడి పేరు పెద్దాయన.

చిక్కేమిటంటే, ముప్పయ్యో పేజీకల్లా ఆఫీసు తిట్లన్నీ అయిపోయాయి. మనిషి ఎంత దుర్మార్గుడైనా తిట్లు ఆ పాతికే కదా. కథ సాగాలంటే పెద్దాయన సాయంత్రం ఇంటికి వెళ్లాలి. లిఫ్టాయన పెద్ద మెకానిక్కు ఇంటి గుమ్మం కూడా ఎరగడు. ఆయనకు పెళ్లాం ఉందో, పిల్లలున్నారో ఏనాడూ అడగలేదు. సరే, ఇలాంటివాడు ఇంట్లో ఎలా ఏడుస్తాడో ఊహించుకుందామనుకుని, ఒక భార్యనూ ఒక కూతుర్నీ కల్పించి, పెద్దాయనను గుమ్మంలోకి తోలాడు.

అక్కణ్ణించి కలం ఆగితే ఒట్టు. మాటలు వాటంతటవే వచ్చి కూర్చునేవి. పెద్దాయన నోరు తెరిస్తే చాలు, ఏమంటాడో ముందే తెలిసిపోయేది. తన బుర్రలో ఇంత కల్పన ఉందా అని లిఫ్టాయన తనను చూసి తానే ముచ్చటపడ్డాడు. ఆఖరి పేజీ అయితే పది నిమిషాల్లో తేలిపోయింది. వాడికి తగిన శాస్తి చేశాననుకుంటూ ఈల వేసుకుని మెట్లు దిగాడు.

ఒక వారపత్రిక వాళ్లు నవలల పోటీ పెట్టారు. చేతిరాత తీసుకోరట, టైపు చేసి పంపాలట. డెంటల్ క్లినిక్కులో రిసెప్షన్ చూసే కూతురు, పైకి చదివితే ఫోనే రాసుకుంటుందని, ఆదివారం కూర్చుంటానని మాటిచ్చింది. బహుమతి మీద లిఫ్టాయనకు పెద్ద ఆశ లేదు. ఇంట్లో ఉన్న ఇద్దరూ విని "బాగుంది" అంటే చాలు. ఆ ఇంట్లో ఆయన చేసినదాన్ని చూసి ఎవరైనా నోరారా బాగుందని చెప్పి ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తులేదు.

ఆదివారం పొద్దున మెషిను గది నుంచి నాలుగు నోటుపుస్తకాలూ మొదటిసారి ఇంటికి వచ్చాయి. కూతురు ఫోనును మంచినీళ్ల గ్లాసుకు ఆనించింది.

"మధ్యలో ఎవరూ మాట్లాడకండి. అదీ రాసేసుకుంటుంది," అంది.

ఇల్లాలు కిటికీ పక్కన బల్ల మీద దుప్పటి పరిచి, వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆఫీసు పేజీలు సాఫీగా సాగాయి. ఒకచోట కూతురు చదవలేక నవ్వింది. ఇల్లాలు కూడా నవ్వింది. లిఫ్టాయన కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాడు.

ముప్పై ఒకటో పేజీలో పెద్దాయన ఇంటికి వచ్చాడు. "చెప్పులు విడిచి, గుమ్మంలోంచే అన్నాడు. ఈ ఇంట్లో..." అని చదివి కూతురు పేజీ తిప్పడానికి ఆగింది.

"నేనొక్కణ్ణే మనిషినా, మిగతావాళ్లంతా చుట్టాలా," అంది ఇల్లాలు, చొక్కా కాలరు మీంచి తల ఎత్తకుండా.

కూతురు పేజీ తిప్పింది. అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది.

లిఫ్టాయన చాపిన కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు. "నా పుస్తకం చదివావా నువ్వు?"

"మీ పుస్తకం ఎక్కడ ఉంటుందో నాకేం తెలుసండీ?"

"మరి ఆ మాట ఎలా తెలిసింది?"

"ఏ మాట?" అంది ఆవిడ. నిజంగానే ఆవిడకు తను ఏదో అన్నట్టు కూడా తెలియలేదు. రోజూ వినే మాటకు మిగతా సగం నోటికి వచ్చింది, అంతే.

కూతురు మళ్లీ చదవడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలయ్యాక ఆమె గొంతు నెమ్మదించింది. "పెద్దాయనకు కోపం వచ్చింది. నేను మాట్లాడుతుంటే ఆ గిన్నెల చప్పుడేంటి..." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు పేజీ మీద లేవు, తండ్రి మీద ఉన్నాయి. మళ్లీ కిందికి చూసి, "కంచాన్ని రెండు వేళ్లతో అవతలికి నెట్టాడు," అని చదివింది. ఇల్లాలు తల తిప్పి మొగుడి కుడిచేతి వైపు చూసింది. ఆయన ఆ చేతిని తొడ కింద పెట్టేసుకున్నాడు.

కాళ్ల కింద లిఫ్టు గది ఉందనుకుని అడుగేస్తే ఖాళీ తగిలినట్టయింది ఆయనకు. పెద్ద మెకానిక్కు ఇంట్లో ఏమంటాడో తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మరి ఈ మాటలన్నీ ఎక్కణ్ణించి వచ్చాయి? "నీకేం తెలుసు, ఇంట్లో కూర్చుని." "ఒక్క పనైనా సరిగ్గా ఏడిస్తే కదా." "నేను లేనినాడు తెలిసొస్తుంది మీకు." కూతురు చదువుతూనే ఉంది. అన్నీ విన్న మాటలే. విన్నవి కూడా కాదు, అన్న మాటలు. నిన్న రాత్రి తువ్వాలు కనబడకపోతే అన్నది కూడా అందులో ఉంది, రాసి ఏడాదైనా. పెద్దాయన భార్య మాత్రం పుస్తకం పొడుగునా "సరేనండి" తప్ప ఇంకో ముక్క అనదు. ఆవిడకు మాటలు ఎందుకు రాయలేదో ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఏమంటుందో ఆయన ఏనాడూ వినలేదు.

ఫోను ఇదంతా రాసేసుకుంది. ఆయన "చదివావా నువ్వు" అన్నదీ, ఆవిడ "ఏ మాట" అన్నదీ నవలలో కలిసిపోయాయి. చెరిపేద్దామని కూతురు ఫోను చేతిలోకి తీసుకుంది గానీ, ఎక్కడిదాకా నవల, ఎక్కణ్ణించి ఇల్లు అన్నది ఆమెకు తెలియలేదు. ఫోను మళ్లీ కింద పెట్టింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"నాన్నా, నీ గురించి నువ్వే రాసుకున్నావా?"

ఆయన ఫోను వంక చూశాడు.

"నువ్వు ఇవన్నీ గమనిస్తున్నావని నాకు తెలీదు నాన్నా. మా క్లినిక్కులో వాళ్లకి చెప్తే నమ్మరు. ఏ నాన్న రాస్తాడు ఇలాగ? చాలా బాగుంది."

బాగుంది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట. కాదు తల్లీ, వాడు వేరే మనిషి అని అప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. కానీ ఆ పిల్ల ముఖం చూస్తూ ఆ మాట ఎలా అంటాడు? "అవునమ్మా మరి," అనేశాడు.

ఇల్లాలు ఇస్త్రీపెట్టెను నిటారుగా నిలబెట్టింది. ఆ పొద్దున మొదటిసారి మొగుడి ముఖంలోకి తిన్నగా చూసింది. అలా చూసి చాలా ఏళ్లయింది. ఆ చూపులో కోపం లేదు. ఈ మనిషికి తెలుసా, తెలిసే ఇంత రాశాడా, అన్న ఆశ ఉంది. ఆ ఆశ చూసి ఆయనకు భయం వేసింది. పెద్ద మెకానిక్కు ఎదుట కూడా ఆయన ఇంతలా భయపడలేదు.

"చివరికి ఈయన మారతాడు కదా?" అంటూ కూతురు నాలుగో నోటుపుస్తకం అందుకుంది. "ఉండు, చూస్తాను."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు ఆఖరి పేజీ. రాసేసి ఈల వేసుకుంటూ మెట్లు దిగిన పేజీ. "అది వద్దమ్మా. వరసగా చదువు," అని లేచి చెయ్యి చాపాడు. కూతురు అప్పటికే చదివేస్తోంది.

"ఆవిడ బీరువా తెరిచి చిన్న పెట్టెలో నాలుగు చీరలు సర్దుకుంది. కూతురు చెయ్యి పట్టుకుంది. పెద్దాయన కేక వేశాడు. ఆవిడ తిరిగి చూడలేదు. గేటు దాటి వెళ్లిపోయింది. వాడికి అలాగే కావాలి." కూతురు ఆగింది. "అంతే ఉంది. అమ్మ వెళ్లిపోయినట్టు రాశావేంటి నాన్నా? నన్ను తీసుకుని?"

"మీ అమ్మ కాదే," అన్నాడు ఆయన. "వాడు నేను కాదు. మా పెద్ద మెకానిక్కు. వాడి గురించే రాశాను నేను మొదణ్ణించీ. ఒట్టు. నా గురించి అని నాకు తట్టనే లేదు."

కూతురు తండ్రిని అలా చూస్తూ ఉండిపోయింది, దారిలో ఎవరినో చూసి తెలిసినవాళ్లనుకుని పలకరించి నాలిక కరుచుకున్న మనిషిలాగ. ఒక్క క్షణం కింద "చాలా బాగుంది" అన్న పిల్ల ఆ పుస్తకాన్ని మూసి బల్ల మీద, తనకు దూరంగా పెట్టింది. ఆయనకు సిగ్గుతో చెవులు మండాయి. నిజం చెప్పినందుకు ఇంత సిగ్గు వేస్తుందని ఆయన అనుకోలేదు.

ఇల్లాలి ముఖంలో ఇందాకటి ఆశ లేదు. కొత్తగా వచ్చినదేమీ లేదు. ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుని, ఆయన రేపు పనిలోకి వేసుకెళ్లే ఖాకీ చొక్కాను దుప్పటి మీద పరిచింది.

"ఎక్కడికెళ్లింది?" అంది.

"ఎవరు?"

"ఆవిడ. పెట్టె పట్టుకుని గేటు దాటింది కదా. అక్కణ్ణించి ఎటెళ్లింది?"

ఆయన నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "అది రాయలేదు. గేటు దాటడంతో అయిపోయింది కథ."

"నాకూ అక్కడే తోచలేదు," అంది ఆవిడ. "గేటు దాటాక ఎటు అన్నది."

"అమ్మా," అంది కూతురు.

అడగొద్దు అనుకుంటూనే అడిగాడు లిఫ్టాయన. "ఎప్పుడు?"

"ఇది మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి." ఆవిడ చొక్కా తిప్పి రెండో చెయ్యి సర్ది పెట్టుకుంది. "మళ్లీ పోయిన నెల."