నాన్నతో నేరుగా

మా వంశంలో కోపాన్ని ఎదుటి మనిషికి నేరుగా చెప్పడం అమర్యాద. తాతగారు నాయనమ్మ మీద అలిగితే, ఆవిడ ఎదురుగా ఉండగానే వంటమనిషితో, "మజ్జిగ పలచగా ఉందని అమ్మగారితో చెప్పు" అనేవారు. భూములు పోయాయి, మేడ పోయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. ఢిల్లీ మయూర్ విహార్‌లో మూడో అంతస్తు ఫ్లాటుకు కూడా దాన్ని వెంట తెచ్చుకున్నాను, నిటారుగా కూర్చునే అలవాటుతో పాటు.

అలాంటి నన్ను పట్టుకుని, టీచరు కదా అని, మా అపార్ట్‌మెంట్ సొసైటీలోని తెలుగువాళ్ళు ఆదివారాలు పిల్లలకు తెలుగులో మనసులో మాట చెప్పడం నేర్పమన్నారు. జరిగింది చెప్పండి, ఏమనిపించిందో చెప్పండి, ఏం కావాలో అడగండి, నింద వెయ్యకండి అనేదాన్ని. హిందీలో గడగడా చెప్పేవాళ్ళు తెలుగులోకి రాగానే నీళ్ళు నమిలేవారు. వాళ్ళు ఇంట్లో తెలుగులో విన్నవి ఎక్కువగా ఆజ్ఞలే.

ఒక ఆదివారం, డిగ్రీ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి క్లాసయ్యాక కదల్లేదు. బస్సులో రోజూ ఒకడు వెనకే వచ్చి ఒరుసుకుంటూ నిలబడుతున్నాడట. కొన్ని వారాలుగా కాలేజీ మానేసి స్నేహితురాలి గదిలో కూర్చుంటోంది.

"నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తారు ఆంటీ. కానీ చెప్పక తప్పదు. మీరూ మా ఇంటికి రండి, ప్లీజ్."

మా మేనత్త, దారిలో భయమేస్తోందని ఒక్కసారి అన్నందుకు, మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఈ పిల్లకి నోరు విప్పమని నేర్పింది నేనే.

వాళ్ళ నాన్న ఏదో మినిస్ట్రీలో ఆఫీసరు. మమ్మల్ని చూడగానే పేపరు మడిచారు.

"రండి మేడమ్. ఇది కాలేజీకి వెళ్ళడం లేదట. ఒంట్లో బాలేదా అని దీని క్లాసులో అమ్మాయి నన్నే అడిగింది. ఎందుకో కాస్త మీ శిష్యురాలిని అడగండి."

"ఆంటీ, నాన్నకి చెప్పండి..." అంది అమ్మాయి.

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. ఎదురుగా ఉన్నవాళ్ళ మధ్య మాట చేరవెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. చెప్పెయ్యడానికి నోరు తెరిచాను కూడా.

"నాన్నగారు ఇక్కడే ఉన్నారమ్మా," అన్నాను.

ఆ పిల్ల ఆయన వైపు తిరిగి, బస్సులో జరిగింది చెప్పింది. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచారు.

"ఎవడు వాడు? ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నావ్? చదువూ వద్దు, గిదువూ వద్దు. ఇంట్లో కూర్చో!"

నేను కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను. అయిపోయిందనుకున్నాను.

ఆమె ఏడ్చింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"నాన్నా, వాడంటే భయం. మీరు ఇప్పుడన్నారే, ఆ మాటంటే ఇంకా భయం. అందుకే చెప్పలేదు."

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు.

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"కాలేజీ మాన్పించకండి. రేపు నాతో బస్సెక్కండి. వాణ్ణి చూపిస్తాను."

"అచ్ఛా, వస్తాను," అన్నారాయన. తర్వాత నా వైపు చూసి, "ఈ మాటలన్నీ మీరే నేర్పారా?" అని అడిగారు. మెచ్చుకోలో నిష్ఠూరమో తెలియలేదు.

"మాటలు తనవే," అన్నాను.

మర్నాడు పొద్దున బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. కింద స్టాపులో తండ్రీకూతుళ్ళు పక్కపక్కనే ఉన్నారు. కిక్కిరిసిన బస్సు పూర్తిగా ఆగకుండానే కండక్టరు రండి రండని అరుస్తున్నాడు. తోపులాటలో ఆమె ముందు తలుపు నుంచి ఎక్కింది, ఆయన వెనక తలుపు నుంచి. మధ్యలో అంతమంది జనం. వాడు ఈ రోజు రాకపోతే? వస్తే, ఈయన ఏం చేస్తారు? నన్ను సాయమడిగిన పిల్లకి నేను చెప్పింది మాట్లాడమనే కదా, ఆ తర్వాత ఏమవుతుందో నాకేం తెలుసు?

బస్సు మలుపు తిరిగింది. నా చేతులు బాల్కనీ కడ్డీని వదల్లేదు.