పెద్దమ్మ చెడగొట్టిన ఉపవాసం

తొంభైల నాటి మా కోదాడలో మైక్రోస్కోపు అంటే ఉత్సవ విగ్రహమే. పరీక్షలప్పుడు బయటికి తీసి, తుడిచి, మొక్కి, మళ్లీ బీరువాలో పెట్టేవాళ్లం. నేనక్కడి కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌ని, అంటే ఆ బీరువా తాళంచెవికి పూజారిని. అలాంటి దేవుణ్ణి ప్రిన్సిపాల్ గడ్డం పట్టుకుని అడిగి, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. (కండక్టరు దానికి హాఫ్ టికెట్ కొట్టాడంటే మీరు నమ్మరు. నమ్మకండి, ఫుల్ టికెట్టే కొట్టాడు.)

అవసరం మా అన్నది, అంటే పెద్దనాయిన కొడుకుది. హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేస్తున్నాడు. మిర్యాలగూడలో రైసుమిల్లున్న పెద్దనాయిన, "సదివింది సాలు, సోమవారం నుంచి మిల్లుల కూసో" అని తీర్పు చెప్పేశాడు. అన్న బతిమాలగా ఒక్క అవకాశం ఇచ్చాడు: శనివారం నాడు కొడుకు చూస్తున్నదేమిటో తనూ చూస్తాడు, ఆపైన తన ఇష్టం.

తిండి దొరకనప్పుడు కణం తనలోని పాతసామానును సంచుల్లో మూటగట్టి, కడుపులాంటి ఒక గదిలోకి పంపి, అరిగించుకుని, దానితోనే బతుకుతుందట. ఆ పని చెడి చెత్త పేరుకుపోతే రోగాలొస్తాయేమోనని అన్న అనుమానం. చూపించడానికి, రొట్టెను పొంగించే ఈస్టులోనే ఆ అరుగుదల లేని రకమొకటి సీసాలో తెచ్చాడు. అరగకపోతే సంచులు గదిలోనే మిగిలి కంటికి కనిపిస్తాయి కదా! పొద్దున్నే దాన్ని కడిగి, తిండిలేని నీళ్లలో పోసి, "అమ్మా, ఇవి పానమున్నయే. ఉపాసమున్నయ్, ముట్టకు" అని వంటింటి గూట్లో పెట్టాడు.

మధ్యాహ్నం వాకిట్లో మైక్రోస్కోపు కింద ఆ నీళ్ల చుక్క పెట్టి, దాని అద్దాన్ని ఎండకు తిప్పి పెద్దనాయినను పిలిచాం. శనివారం ఒక్కపొద్దు కాబట్టి ఆయనా ఆకలి మీదే ఉన్నాడు.

"ఏమున్నదిరా గీడ? సగ్గుబియ్యం నానబోసినట్టున్నది. గిందుకా ఇన్నేండ్ల సదువు?"

అన్న మొహం వాడిపోయింది. సీసా తెచ్చి వాసన చూశాడు. ఇంగువ!

"ఏందిరా గట్ల సూస్తవ్?" అంది పెద్దమ్మ గడపలోంచి. "ఇంట్ల మీ నాయినొక్కడు ఎండుడు సాలదా? ఇంత పప్పుకట్టు, రవ్వంత బెల్లం ఏసిన."

"వాటికి నోరెక్కడిదే అమ్మా!"

"నోరు లేనియాటికే కదరా మనం సూసి పెట్టాలె?"

అన్న కళ్లనీళ్లు మింగుకుని ఈస్టును మళ్లీ కడిగాడు. లేచిపోతాడనుకున్న పెద్దనాయిన కుర్చీ లాక్కున్నాడు. "పొద్దుగూకేదాక నాకెట్లాగూ కూడు లేదు. కూసుంట తియ్." అలా సీసాకు ఒక పక్క ఆయనా, లోపల ఆ కోట్ల ప్రాణాలూ, ఒకరికొకరు తోడుగా ఎండాయి.

ఎండ వాలకముందే మళ్లీ చూశాడు. మిల్లు మోతను మించి అరిచే మనిషి, రెండో కన్ను చేత్తో మూసుకుని ఇంకా కిందికి వంగాడు.

"ఎగురుతున్నయిరా..." అన్నాడు చివరికి గుసగుసగా.

నేనూ వంగి చూశాను. ప్రతి కణంలోని గదిలో చిన్నచిన్న పూసలు, ఎసట్లో బియ్యపు గింజల్లా, ఆగకుండా చిందులేస్తున్నాయి. తనను తాను తిని బతకజూస్తున్న ప్రాణం, మా పెద్దమ్మ ముగ్గు పక్కన!

ఆ పూసలే అరగని పాతసామాను మూటలని అన్న చెబుతుంటే పెద్దనాయిన మళ్లీ కన్ను ఆనించాడు. "మన మిల్లు లెక్కనే కదరా. ఒడ్ల మీది ఊకనే బాయిలర్ల ఏస్తం, ఆ మంటతోనే ఒడ్లు ఉడుకుతయ్. ఊక ఎత్తకుంటే?"

"మిల్లు ఆగుతది నాయినా. రోగం గట్లనే వస్తదేమోనని."

"గింతంత దానికి గీ తెలివి ఎవరు జెప్పిండ్రురా?"

"గదే ఎతుకుతున్న నాయినా."

ఆయన తలెత్తి, తుండుగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. "సోమవారం బస్సుకు పో. మిల్లు నేను సూసుకుంట. మీ అమ్మను మాత్రం ఆ లాబు దిక్కు తోల్కపోకు."

ఇప్పుడు నా పొట్ట చూసి డాక్టరు భయపెట్టాడు కాబట్టి నేనూ శనివారాలు ఒక్కపొద్దు పట్టాను. పొద్దున్నే కళ్లు మూసుకుని, నాలోని కణాలన్నీ పాతసామాను మూటలు కట్టుకోవడం ఊహించుకుంటూ చేతులు జోడిస్తాను. కాసేపటికి పెద్దమ్మ గొంతు వినిపిస్తుంది. నిజమే, వాటికి నోరు లేదు పాపం. నాకుంది. బెల్లం డబ్బా మూత తీస్తాను.