పోత చల్లారకముందే

గిన్నెలో తేనెమైనం కరిగే వాసన వస్తే చాలు, నా తల దానంతట అదే వంగిపోతుంది. ఈ ఉదయం కరీంనగర్‌లో నా గదిలో కూర్చునే, సముద్రాల అవతలి కళాకారులకు ల్యాప్‌టాప్‌లో మైనపు తీగ తీయడం చూపించాను. దీన్ని ఆన్‌లైన్ రెసిడెన్సీ అంటారు. గడప దాటకుండానే మూడు నెలలు పరాయి దేశంలో ఉన్నట్టు లెక్క. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని ఒకామె అడిగింది. జైనూర్ దగ్గరి ఊళ్ళో, శంభు తాత దగ్గర అన్నాను. అంతవరకే చెప్పాను.

శంభు తాత ఇత్తడి బొమ్మలు పోసే ఓజ కళాకారుడు. మరమగ్గాల చప్పుడులో పెరిగిన నాకు నెమ్మదిగా పని చేయడం నేర్పింది ఆయనే. మట్టి బొమ్మకు మైనపు తీగ చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాల్చేవాడు. మైనం కరిగిపోయిన సందులో ఇత్తడి పోసేవాడు. కొన్నేళ్ళ కిందట, పరాయి దేశంలో ఉండి పనిచేసే రెసిడెన్సీ గురించి మొదటిసారి చెబితే పగలబడి నవ్వాడు.

"గిదేం కొత్త బిడ్డా? మా బాపుతోని ఊరూరు తిరిగినోణ్ణి. ఎవలింట్ల దేవుణ్ణి పోసేదుంటే గాళ్ళింట్లనే నెల దినాలుంటుంటిమి. గాళ్ళు పెట్టిందే తింటుంటిమి. ఇప్పుడు ఇమానమొచ్చింది, గంతే!"

ఆ విమానం నిజానికి ఆయన కోసమే. ఒక విదేశీ సంస్థ తాతను, ఆయన మాట ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను పిలవాలనుకుంది. ముందు వీడియోలో పోత చూస్తామన్నారు. తాత ఆసిఫాబాద్ వెళ్ళి, మెడదాకా గుండీలు పెట్టుకుని పాస్‌పోర్టు ఫోటో దిగి, ఊరందరికీ చూపించాడు.

ఆ మధ్యాహ్నం పోత బాగానే కుదిరింది. కానీ వాళ్ళిచ్చిన గంట అయిపోవస్తోంది, అచ్చు ఇంకా సెగలు కక్కుతోంది.

"తాతా, జర జల్ది పగలగొట్టు. గాళ్ళు పోతరు."

"గది దానంతట అదే సల్లబడాలె బిడ్డా. నీళ్ళు తాకొద్దు."

ఫోన్ కొలిమి దగ్గరున్న తాత వైపు తిరిగి ఉంది. ఆయన అటు వంగగానే ఇటు అచ్చు మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించాను. టప్పుమంది. మట్టి రాలితే, లోపలి ఇత్తడి గుర్రం మెడ దగ్గర చీలి ఉంది. ఏమైందని తెర మీది వాళ్ళు అడిగారు. పెద్దాయన తొందరపడ్డారు, వయసు మీదపడింది కదా అని ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పేశాను. ఒక్క ముక్కా అర్థంకాని తాత వాళ్ళకు నవ్వుతూ చేతులు జోడించాడు. ఆయన ఇంట్లో రెండేళ్ళు అన్నం తిన్నదాన్ని నేను.

వారం తిరక్కుండా నన్నొక్కదాన్నే రమ్మని ఉత్తరం వచ్చింది. ఈ వయసులో ఆయనకు పని, ప్రయాణం కష్టమని రాశారు. జరిగింది ఒప్పుకుందామనే జైనూర్ బస్సెక్కాను. తాత నన్ను నోరు విప్పనీయలేదు.

"నీళ్ళు నువ్వు పోసినవని నాకెరుకే. గాళ్ళకు చెప్పకు. ఎన్నడన్న అడిగితె శంభు తాతనే తొందరవడ్డడని చెప్పు. నాకేమైతది? నువ్వు ఇంక శాన దేశాలు తిరిగేదానివి, నీ పేరు కరాబు గావద్దు."

ఆ మాట నేను వాళ్ళకు చెప్పేసి వారమైందని ఆయనకు తెలియదు. తలకొట్టేసినట్టయింది. అయినా "సరే తాతా" అన్నాను, ఆయన చెప్పాకే ఒప్పుకున్నట్టు.

నేను ఆ దేశం వెళ్ళొచ్చాను, తర్వాత ఇంకో రెండు దేశాలు. తాత పోయిన వానాకాలం చనిపోయాడు. నా మీద ఆ నింద రాకుండా తానే అడ్డుపడ్డాననే నమ్మకంతో పోయాడు. ఆ నమ్మకాన్ని చెడగొట్టే ధైర్యం నాకు ఒక్క రోజు కూడా రాలేదు.